ఎనిమిదో తరగతి పిల్లలకు కంప్యూటర్ ల్యాబ్‌లో దేనితో మొదలుపెట్టాలి?

లెక్కల_టీచర్_గుంటూరు
గుంటూరుకు దగ్గరలో ఒక ఉన్నత పాఠశాలలో లెక్కలు చెబుతాను. ఈ ఏడాది కంప్యూటర్ ల్యాబ్ తాళాలు కూడా నా చేతికే వచ్చాయి. ఉన్నవి పన్నెండు కంప్యూటర్లు, పనిచేసేవి తొమ్మిది. అన్నింటిలోనూ విండోస్ 10. తరగతిలో నలభై మందికి పైగా పిల్లలు, వారానికి రెండు పీరియడ్లు. ఇంటర్నెట్ మీద ఆధారపడలేం.

నా బాధ ఇదీ. కంప్యూటర్ పితామహుడు ఎవరని అడిగితే చార్లెస్ బాబేజ్ అని గది దద్దరిల్లేలా చెబుతారు. ఇన్‌పుట్ సాధనాలు, అవుట్‌పుట్ సాధనాలు రెండు వరుసల్లో రాసి చూపిస్తారు. కానీ నోట్‌ప్యాడ్‌లో తమ పేరు టైపు చేసి దాచుకున్న ఫైలును తర్వాతి పీరియడ్‌లో తెరవమంటే ఒక్కరికీ దొరకలేదు. ఇంట్లో ఫోను మీద వేళ్ళు మెరుపులా కదులుతాయి, ఇక్కడ మౌస్ రెండుసార్లు నొక్కేలోపు బాణం గుర్తు పక్కకు జారిపోతోంది.

వర్డ్‌తోనా, పెయింట్‌తోనా, ఎక్సెల్‌తోనా, టైపింగ్‌తోనా? పిల్లలతో నిజంగా చేయించినవారు చెప్పండి. పుస్తకంలో ఉన్న వరుస నాకు తెలుసు, అది వద్దు.

విశ్రాంత_హెడ్మాస్టర్
టైపింగ్‌తోనే మొదలుపెట్టండి. మా రోజుల్లో సాయంత్రమైతే అరండల్‌పేటలో టైపు ఇన్‌స్టిట్యూట్ల ముందు సైకిళ్ళు బారులు తీరేవి. లోయర్, హయ్యర్ పాసైనవాడికి ఏ ఆఫీసులోనైనా విలువ ఉండేది. ఎడమచేతి వేళ్ళు ఏ, ఎస్, డి, ఎఫ్ మీద. కుడిచేతి వేళ్ళు జె, కె, ఎల్, సెమీకోలన్ మీద. ఎఫ్ మీద, జె మీద ఒక చిన్న గీత ఉబ్బెత్తుగా ఉంటుంది, కళ్ళు మూసుకున్నా చూపుడువేలికి తగులుతుంది. అది ఎందుకుందో మొదటి రోజే పిల్లల చేత తడిమించాలి. ఒక్క వేలితో పొడిచే అలవాటు పడిందంటే ఇక మారదు.

కృష్ణలంక_వాసు
మాస్టారూ, మీరు చెప్పిన గీత సంగతి బాగుంది. కానీ తొమ్మిది కంప్యూటర్లకు నలభై మంది. ఒకరు టైపు చేస్తుంటే నలుగురు గోడలు చూడాలి. ముందు పెయింట్ పెట్టండి టీచర్ గారూ. చుట్టూ కూర్చున్నవాళ్ళు కూడా "అక్కడ ఎరుపు వేయి", "గీత వంకర పోయింది" అని పాల్గొంటారు.

పైగా పెయింట్‌లో మౌస్‌తో చేయవలసినవన్నీ ఉన్నాయి. నొక్కడం, పట్టుకుని లాగడం, ఎంచుకోవడం, కాపీ, పేస్ట్, తప్పుపోతే కంట్రోల్ జెడ్. ఈ చివరిది తెలియగానే పిల్లల భయం సగం పోతుంది.

మా పక్కవీధి పిల్లలకు వేసవి సెలవుల్లో నేర్పినప్పుడు ప్రకాశం బ్యారేజీ గీయించాను. దానికి డెబ్బై గేట్లు. ఒక గేటు గీసి కాపీ చేయమన్నాను. మొదట ఒక్కొక్కటే అతికించారు. కాసేపటికి ఒక అమ్మాయి రెండు గేట్లను కలిపి ఎంచుకుని అతికించింది, తర్వాత ఆ నాలుగింటినీ కలిపి. అక్కడి నుంచి బొమ్మ పరుగెత్తింది. ఎంచుకున్న భాగాన్ని కంట్రోల్ మీట నొక్కిపెట్టి లాగితే పేస్ట్ కూడా అక్కరలేదు, నకలు అక్కడే పడుతుంది.

లెక్కల_టీచర్_గుంటూరు
వాసు గారూ, ఇది నాకు రెండు విధాలా పనికొస్తుంది. ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది, పదహారు, ముప్ఫై రెండు, అరవై నాలుగు. ఆరు కాపీలతో అరవై నాలుగు గేట్లు, పైన ఇంకో ఆరు కలిపితే డెబ్బై. ఎనిమిదో తరగతిలో ఘాతాంకాల పాఠం ఎలాగూ చెప్పాలి.

విశ్రాంత_హెడ్మాస్టర్
బ్యారేజీ 1957లో పూర్తయిందని కూడా బొమ్మ కింద టైపు చేయించండి. రెండు చేతులతో.

పటమట_సర్వీసు
పాఠాల కంటే ముందు ఆ మూడు చెడిపోయిన కంప్యూటర్ల మాట చెప్పండి. నేను బడులకు, చిన్న ఆఫీసులకు మరమ్మతులు చేస్తాను. "పోయింది" అని మూలన పెట్టినవాటిలో చాలావరకు పెద్ద జబ్బు ఉండదు. ఆన్ చేయగానే తేదీ ఎన్నో ఏళ్ళ వెనక్కి వెళ్ళిపోతోందా? మదర్‌బోర్డు మీద నాణెంలా గుండ్రంగా ఒక బ్యాటరీ ఉంటుంది. సీఆర్ 2032 అని అడిగితే వాచీల దుకాణంలో కూడా ఇస్తారు. తేదీ తప్పుగా ఉంటే ఇంటర్నెట్ ఉన్నరోజు కూడా సైట్లు తెరుచుకోవు, భద్రత లేదని హెచ్చరిక వస్తుంది. అందరూ నెట్ బాగాలేదనుకుంటారు.

శబ్దం చేస్తూ వచ్చి మధ్యలో ఆగిపోయే పెట్టెలో దుమ్ము ఉంటుంది. కరెంటు తీసి, మూత విప్పి, మెత్తని బ్రష్‌తో ఫ్యాన్ రెక్కలు శుభ్రం చేయించండి. మన ఎండలకు దుమ్ము తోడైతే ప్రాసెసర్ వేడెక్కి తనంతట తానే ఆగిపోతుంది. తెర మీద ఏమీ రాకుండా కూత మాత్రమే వేస్తే ర్యామ్ ఊడదీసి, దాని పసుపు అంచును పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది మళ్ళీ పెట్టి చూడండి.

లెక్కల_టీచర్_గుంటూరు
ఒక దాంట్లో తేదీ నిజంగానే 2015 చూపిస్తోంది! మిగతా రెండింటిలో ఒకటి కూత వేస్తుంది. సోమవారం అటెండరు సాయంతో విప్పుతాను.

సింగ్‌నగర్_మాస్టారు
పటమట గారి మాటకు ఒకటి కలుపుతాను. సీపీయూ పెట్టెలు నేల మీద పెట్టకండి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు మా బడిలో నేల మీద ఉన్నవన్నీ నీళ్ళలో నానాయి, బల్ల మీద ఉన్నవి దక్కాయి. నీళ్ళు తీశాక పెట్టె వంచితే బురద కారింది. పిల్లలు దాచుకున్న పనంతా పోయింది. ఇప్పుడు అన్నీ బల్లల మీదే, అందరి ఫోల్డర్లకూ పెన్ డ్రైవ్‌లో నకలు.

మంది ఎక్కువ, యంత్రాలు తక్కువ అన్న సమస్యకు మా పద్ధతి చెబుతాను. తరగతిని రెండు సగాలు చేయండి. ఒక సగం కంప్యూటర్ల దగ్గర, ఇంకో సగం అదే పనిని గళ్ళ కాగితం మీద పెన్సిల్‌తో చేయాలి. పీరియడ్ మధ్యలో మారాలి. కాగితం మీద ఆలోచించి వచ్చినవాళ్ళు తెర ముందు తికమక పడరు. ఒక్కో కంప్యూటరు దగ్గర మౌస్ పట్టుకున్నవాళ్ళు మాట్లాడకూడదు, పక్కన కూర్చున్నవాళ్ళే చెప్పాలి. గంట కొట్టగానే మౌస్ చేతులు మారాలి. ఈ నియమం లేకపోతే మౌస్ ఎప్పుడూ గడుసు మగపిల్లల చేతిలోనే ఉంటుంది, ఆడపిల్లలు చూసి నేర్చుకోవలసి వస్తుంది. ఈ ఒక్క విషయంలో నేను చాలా గట్టిగా ఉంటాను.

గుణదల_అమ్మ
గంట కొట్టి మౌస్ మార్పించడం చాలా నచ్చింది మాస్టారూ. మా పాప గత ఏడాదంతా కంప్యూటర్ పీరియడ్‌లో మౌస్ ముట్టుకోలేదని చెప్పింది.

నాదొక సందేహం. పక్కింటి అబ్బాయి ప్రైవేటు బడిలో కోడింగ్ చేస్తున్నాడట. మా పాప పెయింట్‌లో బొమ్మలు గీస్తుంటే వెనుకబడిపోతుందేమోనని భయంగా ఉంది.

వడ్డేశ్వరం_బీటెక్
అక్కా, భయపడకండి. మా తరగతిలో కోడింగ్ బాగా వచ్చినవాళ్ళే కొందరు మొదటి సెమిస్టరులో ప్రోగ్రాం ఏ ఫోల్డర్‌లో దాచారో వెతుక్కోలేక అవస్థ పడ్డారు. ఫోనులో ఫోటో తీస్తే గ్యాలరీలో అదే కనిపిస్తుంది, ఎక్కడుందో ఎవరూ అడగరు. ఆ అలవాటుతో కంప్యూటర్ దగ్గరికి వస్తే ఇబ్బందే.

పెయింట్‌లో లాగడం, వదలడం చేయి తిరిగాక స్క్రాచ్ పెట్టవచ్చు. ఎంఐటీ మీడియా ల్యాబ్‌వాళ్ళు 2007లో విడుదల చేసిన ఉచిత సాఫ్ట్‌వేర్ అది. ఆజ్ఞలు రంగు దిమ్మెల రూపంలో ఉంటాయి, ఒకదాని కింద ఒకటి చేరిస్తే తెర మీద పిల్లి నడుస్తుంది. ఇంటర్నెట్ లేకుండా పనిచేసే రూపం కూడా ఉంది.

గవర్నర్‌పేట_డీటీపీ
టీచర్ గారి అసలు బాధ వదిలేసి అందరం ఎటో వెళ్తున్నాం. ఫైలు దొరకలేదన్నారు. అదే మొదటి పాఠం. పెయింటో వర్డో ఏదైనా పెట్టండి, కానీ పీరియడ్ చివరి పది నిమిషాలు దాచడానికి, మూసేయడానికి, మళ్ళీ వెతికి తెరవడానికి ఉంచండి.

నా షాపుకు వచ్చే డిగ్రీ పిల్లల పెన్ డ్రైవ్‌లు చూస్తాను. "న్యూ ఫోల్డర్ (4)" లోపల "డాక్యుమెంట్1", "డాక్యుమెంట్1 ఫైనల్", "ఫైనల్ ఫైనల్". రెజ్యూమె ఏదని అడిగితే తెలియదు. కాబట్టి డి డ్రైవ్‌లో 8ఎ, 8బి అని ఫోల్డర్లు, వాటిలో ఒక్కో బృందానికి ఒక ఫోల్డర్ మీరే చేసి పెట్టండి. ఫైలు పేరులో పిల్లల పేరు, పని పేరు రెండూ ఉండాలి. ఫైళ్ళ కిటికీలో వ్యూ మెనూకి వెళ్ళి ఫైలు పేర్ల చివర తోకలు (ఎక్స్‌టెన్షన్లు) కనిపించేలా పెట్టండి. విండోస్ మామూలుగా వాటిని దాచేస్తుంది. తోక కనిపిస్తేనే ఇది బొమ్మ, ఇది వర్డ్ ఫైలు, ఇది టెక్స్ట్ అని పిల్లలకు తేడా తెలుస్తుంది.

కొన్ని పిల్లల సాఫ్ట్‌వేర్లతో ఒక చిక్కుంది. టక్స్ పెయింట్ చాలా మంచిది, ఉచితం, చిన్న తరగతులకు ముద్దుగా ఉంటుంది. కానీ అందులో బొమ్మను ఎక్కడ దాచాలో అడగదు, తన దగ్గరే ఉంచుకుని మళ్ళీ బొమ్మలుగా చూపిస్తుంది. మూడో తరగతికి అది సౌకర్యం. ఎనిమిదికి మాత్రం ఫోల్డర్ అడిగే మామూలు పెయింటే మేలు.

యార్డు_గుమాస్తా
డీటీపీ గారు చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. పేరు పెట్టని ఫైలు, మార్కు వేయని మిర్చి టిక్కీ (బస్తా) ఒకటే. లాట్‌లో కలిసిందంటే ఎవరిదో తేలదు.

గుంటూరు పిల్లలు కాబట్టి ఎక్సెల్‌కు మిర్చి యార్డు ధరలు తీసుకోండి టీచర్ గారూ. పేపర్లో రోజూ వస్తాయి. తేజ, 334, బాడిగ అని మిర్చి రకాలకు వరుసలు, సోమవారం నుంచి శుక్రవారం దాకా నిలువు గళ్ళు. క్వింటాల్ ధర ఒక గడిలో, టిక్కీ బరువు ఇంకో గడిలో పెట్టి టిక్కీకి ఎంత వస్తుందో లెక్క కట్టించండి. చాలామంది పిల్లల ఇళ్ళలో ఎవరో ఒకరు ఆ ఎరుపు మీదే బతుకుతున్నారు. తండ్రి నోటితో చెప్పే లెక్క, తెర మీద వచ్చిన లెక్క కలిస్తే ఆ పిల్లవాడి ముఖం చూడాలి.

సింగ్‌నగర్_మాస్టారు
మా పిల్లలు బ్యారేజీ వరద లెక్కలు పెట్టారు. 2009 అక్టోబరులో వచ్చిన వరద 11.10 లక్షల క్యూసెక్కులు, 2024 సెప్టెంబరులో 11.43 లక్షలు. రెండు అంకెలకు పట్టీ గీస్తే ఇంచుమించు సమానంగా కనిపించాయి. "మరి 2009లో మా ఇల్లు మునగలేదుగా?" అని ఒక పిల్లవాడు అడిగాడు. కృష్ణ వేరు, బుడమేరు వేరు అని, మనల్ని ముంచింది రెండోదని ఆ రోజు పాఠమంతా దాని మీదే నడిచింది. సాఫ్ట్‌వేర్ నేర్పడానికి కూర్చున్నాం కాబట్టే ఆ ప్రశ్న పుట్టింది.

లెక్కల_టీచర్_గుంటూరు
నిన్న ఎక్సెల్ తెరిచి చూపించాను. సెక్షన్ గడిలో 8-2 అని కొడితే తేదీగా మారిపోతోంది. రోల్ నంబరు 007 కొడితే 7 మాత్రమే మిగులుతోంది. పిల్లలు యంత్రం పాడైందని తీర్మానించేశారు.

యార్డు_గుమాస్తా
పాడవలేదు. గీత చూసి తేదీ అనుకుంటుంది, అంకె ముందున్న సున్నాకు విలువ లేదనుకుంటుంది. గడిలో ముందు ఒక చిన్న కామా గుర్తు పెట్టి, అంటే ఎంటర్ మీట పక్కనున్న అపాస్ట్రఫీ కొట్టి, తర్వాత 8-2 కొట్టండి. కొట్టింది కొట్టినట్టే ఉంటుంది. లేదా ఆ వరుసంతా ఎంచుకుని ముందే టెక్స్ట్ అని మార్చండి.

కృష్ణలంక_వాసు
ఎక్సెల్‌లో పిల్లలు ఎగిరి గంతేసేది ఒకటుంది. ఖాళీ షీటులో కంట్రోల్ నొక్కి కింది బాణం కొట్టండి. అడుగుకు వెళ్ళిపోతుంది, వరుస సంఖ్య 10,48,576. ఆ సంఖ్య ఎందుకో అడగండి.

లెక్కల_టీచర్_గుంటూరు
రెండు ఘాతం ఇరవై! కుడి బాణం కొడితే నిలువు వరుసలు 16,384, అది రెండు ఘాతం పద్నాలుగు. బ్యారేజీ గేట్లను ఇలాగే రెట్టింపు చేస్తూ పోతే ఇరవయ్యోసారికి షీటు అడుగు వరుస వస్తుందన్నమాట. ఇది తప్పకుండా చెబుతాను.

తెనాలి_లినక్స్
విండోస్ 10కు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 పాత యంత్రాల్లో చాలావాటికి ఎక్కదు, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు అడుగుతుంది. కొత్తవి కొనే డబ్బు బడికి ఎలాగూ ఉండదు. విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ మింట్‌లో తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ రూపం పెట్టండి. 4 జీబీ ర్యామ్ ఉంటే హాయిగా నడుస్తుంది, హార్డ్ డిస్క్ తీసి ఎస్ఎస్‌డీ వేస్తే ఇంకా వేగం. పెన్ డ్రైవ్ వైరస్‌ల పీడ కూడా తగ్గుతుంది. కేరళ ప్రభుత్వ బడులు ఉబుంటు అనే లినక్స్ ఆధారంగా చేసుకున్న సొంత వ్యవస్థతోనే నడుస్తున్నాయి. మనకెందుకు చేతకాదు?

వడ్డేశ్వరం_బీటెక్
తెనాలి గారూ, రేపు ఉద్యోగాల్లో అడిగేది మైక్రోసాఫ్ట్ ఆఫీసే కదా?

తెనాలి_లినక్స్
ఎనిమిదో తరగతి పిల్ల ఉద్యోగానికి వెళ్ళేసరికి ఆ మెనూ ఎన్నిసార్లు మారుతుందో. శీర్షిక పెద్దది చేయడం, పేరాలు విడగొట్టడం, మొత్తం కట్టడం వచ్చినవాళ్ళకు ఏ ఆఫీసైనా ఒక పూటలో అలవాటవుతుంది. లిబ్రే ఆఫీసు 2010లో ఓపెన్ ఆఫీసు నుంచి విడిపోయి వచ్చింది. విండోస్ మీదా లినక్స్ మీదా నడుస్తుంది, రూపాయి కట్టనక్కరలేదు. ఒక్కసారి దింపుకుంటే పెన్ డ్రైవ్‌తో అన్ని యంత్రాల్లోనూ వేయవచ్చు. గడువు ముగిసిన ఆఫీసు తెరిచి, పైన హెచ్చరిక పట్టీ చూస్తూ కూర్చునే ల్యాబ్‌లు నాకు తెలుసు. పిల్లలకు దొంగ కాపీ వాడటం నేర్పడం కంటే ఇది గౌరవం.

గవర్నర్‌పేట_డీటీపీ
లిబ్రే ఆఫీసు బాగుంది. నెట్ సెంటరుకు తీసుకెళ్ళే ఫైలును మాత్రం డాక్స్ రకంలో దాచమనండి. ప్రింటుకైతే పీడీఎఫ్ చేయించండి, అక్షరాలు చెదరవు.

లినక్స్‌కు మారే విషయంలో తొందర వద్దు. ముందు ఒక్క యంత్రంలో పెట్టి ప్రింటరు పనిచేస్తుందో లేదో చూడండి. ప్రింటు రాని ల్యాబ్ మీద పిల్లలకు మనసు నిలవదు.

పటమట_సర్వీసు
మూలన ఉన్న మూడింటిలో ఏది బాగుపడితే దాంట్లో పెట్టి చూడండి. నడిచేవి ఇప్పుడే కదపకండి.

విశ్రాంత_హెడ్మాస్టర్
ఇంత చర్చలో తెలుగు టైపింగ్ ఊసే లేదు. పిల్లలు సెలవు చీటీ తెలుగులో రాస్తారు, బడి వార్షికోత్సవం ఆహ్వానం తెలుగులో కావాలి. కంప్యూటర్ దగ్గరకు వచ్చేసరికి ఇంగ్లిషు అక్షరాలతో తెలుగు ఎందుకు కొట్టాలి?

గవర్నర్‌పేట_డీటీపీ
మాస్టారూ, ఇది నా సొంత విషయం. మా షాపుల్లో అను ఫాంట్లు వాడతాం. అవి అచ్చుపనికి అందంగా ఉంటాయి గానీ ఆ ఫాంటు లేని యంత్రంలో తెరిస్తే గందరగోళపు గుర్తులే. పిల్లలకు నేర్పవలసింది యూనికోడ్, అంటే ఏ యంత్రంలో తెరిచినా అదే అక్షరంగా కనిపించే పద్ధతి. విండోస్‌లో నిర్మల ఫాంటు ముందే ఉంటుంది, విడిగా ఏమీ వేయనక్కరలేదు. సెట్టింగ్స్‌లో భాషల దగ్గర తెలుగు చేర్చి, విండోస్ మీట పట్టుకుని స్పేస్ కొడితే భాష మారుతుంది.

2019 నుంచి విండోస్ 10లో ఫొనెటిక్ కీబోర్డు కూడా ఉంది. ఇంగ్లిషు స్పెల్లింగ్ కొడితే తెలుగు వస్తుంది. పెద్దవాళ్ళకు సులువే. పిల్లలకు మాత్రం ఇన్‌స్క్రిప్ట్ అనే కీబోర్డు నేర్పండి, ఎందుకంటే అది మన వర్ణమాల లెక్కన కట్టింది. అచ్చులు, గుణింతాలు ఎడమచేతి వైపు, హల్లులు కుడిచేతి వైపు. కె కొడితే క. డి కొడితే పొల్లు, షిఫ్ట్‌తో డి కొడితే అ. "అమ్మ" రాయాలంటే షిఫ్ట్ డి, సి, డి, సి. మ, పొల్లు, మళ్ళీ మ. ఒత్తు ఎలా పుడుతుందో వేళ్ళకే తెలిసిపోతుంది. హిందీకి మార్చినా క అదే మీట మీద ఉంటుంది.

విశ్రాంత_హెడ్మాస్టర్
ఇది వింటుంటే నాకే నేర్చుకోవాలని ఉంది. రేపు మనవడి ల్యాప్‌టాప్ లాక్కుంటాను.

గుణదల_అమ్మ
మా పాప చేత ఇప్పుడే "అమ్మ" కొట్టించాను. వచ్చింది! తర్వాత వాళ్ళ నాన్న పేరు అడుగుతోంది, అందులో శ్రీ ఉంది.

లెక్కల_టీచర్_గుంటూరు
అందరి మాటా విన్నాక ఇలా అనుకుంటున్నాను. మొదట పెయింట్‌లో బ్యారేజీ, ప్రతి పీరియడ్ చివర దాచి మళ్ళీ తెరవడం. అది అందరికీ వచ్చాక తెలుగులో సెలవు చీటీ, తర్వాత మిర్చి ధరల పట్టిక. టైపింగ్ విడిగా కాకుండా ప్రతిసారీ మొదటి అయిదు నిమిషాలు. హెడ్మాస్టరు గారు ఒప్పుకుంటారా?

విశ్రాంత_హెడ్మాస్టర్
పది నిమిషాలైతే ఒప్పుకుంటాను.

సింగ్‌నగర్_మాస్టారు
కరెంటు పోతుందని మరవకండి. పిల్లలకు కంట్రోల్ ఎస్ కొట్టి దాచడం ముందే అలవాటు చేయండి. లిబ్రే ఆఫీసులో తనంతట తాను దాచే గడువును కూడా తగ్గించి పెట్టుకోండి.

గవర్నర్‌పేట_డీటీపీ
గుణదల అమ్మా, శ్రీకి విడి మీట లేదు. షిఫ్ట్ ఎమ్ కొడితే శ, డి కొడితే పొల్లు, జె కొడితే ర, ఆర్ కొడితే దీర్ఘపు గుడి. నాలుగూ వరుసగా కొట్టించండి. షిఫ్ట్ మరిస్తే శ బదులు స పడుతుంది, అంతే చూసుకోమనండి.